తక్కువ ధర బట్టలు... ఎక్కువ ఎత్తు కొండలు!

సంక్రాంతి దాటాక జగ్గయ్యపేట చుట్టుపక్కల ఏ మిరపచేలోకైనా వెళ్లి చూడండి. కాయ కోసే ఆడవాళ్లు చాలామంది చీరమీద మగవాళ్ల ఫుల్‌హ్యాండ్ చొక్కా తొడుక్కుని కనిపిస్తారు. మెడదాకా గుండీలు పెట్టి, తలకి తువ్వాలు చుట్టి, కుచ్చెళ్లు కాస్త ఎత్తి దోపుకుని సాళ్లలోకి వంగారంటే మళ్లీ అన్నాలవేళకే నడుం ఎత్తేది. ఎండ నేరుగా తగలదు, చేతులకి మంట అంటదు, కొమ్మ గీరదు. ఆ చొక్కా ఖరీదంటారా? ఏమీ లేదు. ఇంటాయన తొడిగి తొడిగి కాలరు చిరిగాక మూలన పడేసింది!

కొండలెక్కడానికీ, అడవుల్లో నడవడానికీ వేరే బట్టలు కొనాలా అని ఎవరైనా అడిగితే నేను ముందు ఆ చేనే చూపిస్తాను. పెద్ద పెద్ద షోరూముల్లో 'సన్ ప్రొటెక్షన్ షర్ట్' అని రెండువేలకీ మూడువేలకీ వేలాడదీసే సరుకు చేసే పనే ఇదీ చేస్తోంది. ఎండకాలం, పొడి గాలి, ఒళ్లంతా చెమట... ఇలాంటప్పుడు వదులుగా ఉండే నూలు చొక్కాకి మించింది లేదు. చెమటను పీల్చుకుని నెమ్మదిగా ఆరుతూ ఒంటిని చల్లబరుస్తుంది. నందిగామ ఎండల సంగతి మీరు వార్తల్లో వింటూనే ఉంటారు కదా, ఇక్కడ అంతకన్నా వేరే పరీక్ష అక్కర్లేదు.

నా పుట్టిల్లు జగ్గయ్యపేట, మెట్టినిల్లు నందిగామ. 2022 ఏప్రిల్ నుంచి మేం ఎన్టీఆర్ జిల్లా వాళ్లం అయ్యాం గానీ, నోటికి మాత్రం 'కృష్ణా జిల్లా మెట్ట' అనే వస్తుంది. డెల్టా ఊళ్ల చల్లదనం మాకు లేకపోయినా గుట్టలకి కొదవలేదు. జగ్గయ్యపేట పక్కనే ధనంబోడు. 1882లో జేమ్స్ బర్జెస్ అనే దొర అక్కడి బౌద్ధ స్తూపం తవ్వించి లోకానికి చూపించాడు. కృష్ణ ఒడ్డున వేదాద్రి. బెజవాడ దారిలో కొండపల్లి ఖిల్లా. పరికిణీలు ఎత్తిపట్టుకుని ఈ గుట్టలన్నీ ఎక్కిన పిల్లలమే మేం. అప్పుడు దాన్ని ట్రెక్కింగ్ అంటారని తెలీదంతే.

ఇరవై రెండు వేల జాబితా

మా అమ్మాయి ఇంజనీరింగ్ మూడో ఏడు చదువుతుండగా, డిసెంబర్ సెలవుల్లో స్నేహితురాళ్లతో కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠకి వెళ్తానంది. ఎత్తు దాదాపు 3,800 మీటర్లు, మంచులో నడక. ఫీజు వరకూ వాళ్ల నాన్న సరేనన్నారు. తర్వాత వచ్చింది అసలు జాబితా. థర్మల్స్, ఫ్లీస్, డౌన్ జాకెట్, వాటర్‌ప్రూఫ్ ప్యాంటు, బూట్లు, గ్లౌజులు, ఇంకా పేర్లు నోరు తిరగనివి నాలుగు. అన్నీ పేరున్న కంపెనీల ధరలు వేసి కూడితే ఇరవై రెండు వేలు తేలింది.

మావారిది పురుగుమందుల కొట్టు. ఆ ఏడు మిరప ధర పడిపోయి రైతుల దగ్గర బాకీలన్నీ అలాగే నిలిచిపోయాయి. "ఆరు రోజుల నడకకి ఇరవై రెండు వేల బట్టలా? వచ్చే ఏడు చూద్దాంలే" అన్నారాయన. ఆడపిల్ల విషయంలో 'వచ్చే ఏడు' అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. వచ్చే ఏడు ఉద్యోగం వేట, ఆపై ఏడు పెళ్లి సంబంధాలు. పిల్ల ఏమీ అనలేదు. ఆ కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకుంది. 

ఆ మడత నేను విప్పాను. ఇంట్లోనే మిషను కుడుతూ పాతికేళ్లుగా రకరకాల గుడ్డలు చేత్తో పట్టుకున్నదాన్ని. ఏ గుడ్డ ఏం చేస్తుందో తెలిస్తే దానిమీద ఏ పేరు కుట్టి ఉన్నా ఫర్వాలేదు.

పేరు కాదు, గుడ్డ చూడండి

ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే సగం డబ్బు మిగిలినట్టే. మామూలు గాలిలో ఉన్నప్పుడు నూలు తన బరువులో 8 శాతం దాకా తేమ పీల్చుకుని ఉంటుంది. ఉన్ని 16 శాతం, నైలాన్ 4 శాతం. పాలిస్టర్ మాత్రం అర శాతం కూడా పీల్చదు. అందుకే వానలో తడిసిన నూలుచీర దండెం మీద సాయంత్రం దాకా వేలాడుతుంది, పాలిస్టర్ చీర గంటలో మడతపెట్టుకోవచ్చు. ఎండలో ఈ తడి మనకి హాయి. కొండమీద చలిగాలిలో అదే తడి శత్రువు. నీరు గాలికన్నా పాతిక రెట్లు వేగంగా ఒంట్లో వేడిని లాగేస్తుంది మరి. ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల నుంచి 35కి దిగిందంటే వణుకు, మాట తడబాటు మొదలవుతాయి. అక్కణ్ణించి అది ప్రాణం మీదికొచ్చే సంగతే. జీన్స్ ప్యాంటు వేసుకుని వానలోనో మంచులోనో కొండ ఎక్కొద్దనేది ఇందుకే. అది ఎంత ఖరీదైనదైనా సరే, దళసరి నూలుగుడ్డే.

ఉన్ని సంగతి వేరు. తేమ పీల్చుకున్నా వెచ్చదనం పూర్తిగా పోగొట్టుకోదు. గొర్రెల కాపరి గొంగళిని మడిచి తలమీంచి కప్పుకుని జల్లులో అలా నిలబడిపోవడం చూసే ఉంటారు. ఆయనకి ఈ శాతాలేవీ తెలీవు గానీ గొంగళి గుణం తెలుసు.

ఇంతకీ చేతిలో ఉన్నది నూలో పాలిస్టరో ఎలా తెలుసుకోవాలి? లోపల పక్కకుట్టు దగ్గర చీటీ ఉంటే చదవండి. సెకండ్స్ సరుక్కి చాలాసార్లు ఆ చీటీ కత్తిరించేస్తారు. అప్పుడు అంచునుంచి రెండు పోగులు లాగి, స్టీలు పళ్లెంలో పెట్టి అగ్గిపుల్ల అంటించండి. కాగితం కాలిన వాసన వేసి మెత్తటి బూడిదైతే నూలు. కరిగి, నల్లటి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్ లేదా నైలాన్. వెంట్రుక కాలిన వాసనొస్తే ఉన్ని. (అన్నట్టు, అలా కరిగి ఒంటికి అంటుకునే గుణం ఉంది కాబట్టే పాలిస్టర్, నైలాన్ బట్టలతో చలిమంట దగ్గర గానీ వంటపొయ్యి దగ్గర గానీ కూర్చోకూడదు.)

ఆషాఢం నుంచి టిబెట్ దాకా

ఎక్కడ కొన్నామంటారా? మొదట ఆషాఢం తగ్గింపుల్లో. ఆషాఢంలో చీరలకి ఎగబడతాం గానీ పిల్లల ఆటల బట్టలు, మగవాళ్ల ట్రాక్‌ప్యాంట్లు ఉండే మూలకి వెళ్లం. అసలైన బేరాలు అక్కడ ఉంటాయి. ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లు వేసుకునే సన్నటి రంధ్రాల పాలిస్టర్ టీషర్టు ఉంది చూశారూ, ఖరీదైన 'డ్రై ఫిట్' బనీను చేసే పనే అదీ చేస్తుంది. నూటఎనభై చొప్పున రెండు తీశాను. మగపిల్లల సైజు అయినా మనకేం?

తర్వాత బెజవాడ వన్‌టౌన్, బీసెంట్ రోడ్డు. రోడ్డు పక్క కుప్పలు పోసి అమ్మే అల్లిక బట్టల్లో తిరుపూర్ సరుకు చాలానే ఉంటుంది. తమిళనాడులోని ఆ ఊరు నుంచి విదేశాలకి టన్నులకొద్దీ ఎగుమతులు. కుట్టు ఒంకరపోయిందనో, రంగు కాస్త తేడా వచ్చిందనో తిప్పికొట్టినవి ఇలా కుప్పల్లోకి వస్తాయి. రంగు తేడా మనకి అక్కర్లేదు, కొండమీద ఫొటో స్టూడియో లేదు కదా! కుట్టు మాత్రం చూడాలి. రెండు చేతులా పట్టుకుని కుట్టుకి అటూ ఇటూ గట్టిగా లాగండి. పోగుల మధ్య వెలుతురు కనిపిస్తే దారం చాలని కుట్టు, పక్కన పెట్టేయండి. జిప్పు పదిసార్లు లాగండి. చంకలు, తొడల మధ్య కుట్లు ఎక్కువ చూడండి, ముందు పోయేవి అవే. కుప్ప దగ్గర ఎంతసేపు నిలబడితే అంత లాభం. అమ్మేవాడు విసుక్కుంటాడు, విసుక్కోనీండి.

చలి బట్టలకి మాత్రం చలికాలం దాకా ఆగడం మంచిది. బెజవాడకి ఏటా టిబెటన్లు స్వెటర్ల దుకాణాలు వేస్తారు. వాళ్లు తెచ్చే సరుకులో చాలావరకు లూధియానా మిల్లులది. అక్కడ ఆరొందలకి ఫ్లీస్ జాకెట్ దొరికింది. ఫ్లీస్ అంటే మరేం లేదు, గొర్రెబొచ్చులా పైకి లేపిన పాలిస్టరే. తేలిక, తడిసినా దులిపితే సగం నీళ్లు పోతాయి. దానికి తోడు మా మామగారి పాత ఉన్ని స్వెటరు పెట్టెలోంచి తీశాను. మోచేతుల దగ్గర చిల్లులకి అతుకులు వేసి ఇచ్చాను.

సముద్రమట్టం నుంచి పైకి వెళ్లేకొద్దీ ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. లెక్క కడితే కేదార్‌కంఠ శిఖరం మీద ఒక్క ఎత్తువల్లే మన ఊరికన్నా పాతిక డిగ్రీలు తక్కువ. ఉత్తరాది చలి దానికి అదనం. దీన్ని ఒక్క లావుపాటి కోటుతో ఎదుర్కోవాలని చూడకూడదు. ఒంటికి అంటుకుని చెమట లాగేది ఒకటి, దానిమీద వెచ్చదనం పట్టి ఉంచేది ఒకటో రెండో, అన్నిటిమీదా గాలీ వానా ఆపేది ఒకటి. ఎక్కేటప్పుడు వేడి పుడుతుంది, ఒకటి విప్పాలి. ఆగగానే తొడగాలి. చెమట పట్టాక విప్పితే లాభం లేదు. చెమట పట్టబోతుండగా విప్పాలి.

పదకొండుమంది బిడ్డల తల్లి

ఖరీదైన సామాను లేనిదే అడవిలోకి అడుగు పెట్టకూడదనేవాళ్లకి అమెరికాలోని ఎమ్మా గేట్‌వుడ్ కథ చెప్పాలనిపిస్తుంది. ఒహాయో రాష్ట్రంలో వ్యవసాయ కుటుంబపు ఇల్లాలు. పదకొండుమంది బిడ్డలు, ఇరవై ముగ్గురు మనవలు, మనవరాళ్లు. ఏళ్లతరబడి భర్త చేతిలో దెబ్బలు తిని చివరికి విడాకులు పుచ్చుకున్న మనిషి. 1955లో, 67 ఏళ్ల వయసులో, 'అలా నడిచొస్తాను' అని ఇంట్లోవాళ్లతో చెప్పి బయల్దేరింది. జార్జియా నుంచి మెయిన్ రాష్ట్రం దాకా అప్పలేచియన్ కొండల బాటంతా, అంటే మూడు వేల కిలోమీటర్ల పైచిలుకు, ఒంటరిగా నడిచింది. ఒకే విడతలో ఒంటరిగా ఆ బాట పూర్తిచేసిన మొదటి మహిళ ఆవిడే. కాళ్లకి మామూలు కాన్వాసు బూట్లు. భుజాన తనే కుట్టుకున్న గుడ్డసంచి. టెంటు లేదు, స్లీపింగ్ బ్యాగు లేదు. ఒక దుప్పటి, ఒక రెయిన్‌కోటు, స్నానాలగదిలో కట్టే ప్లాస్టిక్ కర్టెన్ ఒకటి! వానొస్తే అదే కప్పుకోవడం. 1957లో మళ్లీ అదే దారి మొత్తం నడిచింది.

ఆ కర్టెన్ గురించి చదివినప్పుడు మా పొలాల్లో ఎరువుల బస్తా లోపలి ప్లాస్టిక్ సంచిని నెత్తిమీద ముసుగేసుకుని నాట్లు వేసే ఆడవాళ్లే కళ్లముందు మెదిలారు.

అలాగని అన్ని కొండలూ ఒకటి కావు. తెలంగాణలోని పాకాల పిల్ల మాలావత్ పూర్ణ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది, పద్నాలుగేళ్లు నిండకుండానే. పేదింటి పిల్లే. భువనగిరి గుట్టమీద రాళ్లు ఎక్కడం నేర్చుకుంది. కానీ ఎవరెస్టు మీద ఆమె ఒంటిమీద ఉన్నది ఆ ఎత్తుకి తగిన సామాను. అక్కడ ఆషాఢం తగ్గింపులు పనికిరావు. ఎవరెస్టు ఎక్కిన మొదటి భారతీయ మహిళ బచేంద్రీపాల్ చిన్నతనంలో బట్టలు కుట్టి చదువు ఖర్చులు సంపాదించుకుందని చదివినప్పుడు మాత్రం, మిషను తొక్కేదాన్ని కాబట్టి, కాస్త గర్వపడ్డాను. ఆవిడ ఊరు కూడా కేదార్‌కంఠ ఉన్న ఉత్తరకాశి జిల్లాలోనిదే.

డబ్బు మిగల్చకూడనివి

నా లెక్కలో రెండున్నాయి. ఒకటి బూట్లు. కిందటేడు కార్తీకంలో మా ఆడవాళ్లం ఆరుగురం అహోబిలం వెళ్లాం. వేదాద్రి నరసింహస్వామికి మొక్కేవాళ్లం కదా, నవనారసింహుల్నీ చూడాలని కోరిక. ఎగువ అహోబిలం నుంచి జ్వాలా నరసింహస్వామి దాకా వాగులు దాటుతూ, బండలెక్కుతూ వెళ్లాలి. మా వదిన బయల్దేరే ముందు ఒక తగ్గింపు కొట్లో నాలుగొందలకి బూట్లు కొంది. రెండో వాగు దాటగానే కుడికాలి బూటు అడుగు నోరు తెరిచింది. జడ రిబ్బను కట్టి, పైన చేతిరుమాలు కట్టి ఎలాగో దింపాం. "వదినా, నాలుగొందలు కాదు, నా మడమ ఖరీదు చెప్పు" అంటూ దారిపొడవునా ఒకటే నవ్వు, మధ్యలో ఏడుపు. బండమీద జారితే విరిగేది చీలమండ. బూట్లు సాయంత్రంపూట కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వేలు ముందు అరంగుళం ఖాళీ ఉండాలి, దిగేటప్పుడు గోళ్లు నలగవు. కొన్న నెలరోజులు ఇంట్లో, బజార్లో అవే తొడుక్కు తిరగండి.

అదే ప్రయాణంలో ఇంకో తమాషా. నీటిధార కింద అందరం తడిశాం. మేం నూలు పంజాబీ డ్రెస్సుల్లో సాయంత్రం దాకా తడిగుడ్డల్లోనే. మా అత్తయ్యగారు ఎప్పటిదో నైలెక్స్ చీర కట్టుకొచ్చారు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. "అమ్మాయ్, నా చీర అప్పుడే ఆరిపోయింది చూడు" అని కొంగు చూపించి మురిసిపోయారు. పెట్టెల అడుగున పడి ఉన్న పాత నైలెక్సులు, జార్జెట్లు పారెయ్యకండి!

రెండోది మంచులో వేసుకునే పై జాకెట్టు. ఇది కొననే వద్దు. ట్రెక్కింగ్ మొదలయ్యే సాంక్రీ గ్రామంలో లావు జాకెట్లు, బూట్లకి తగిలించే ముళ్లు, మంచు బూట్లలోకి పోకుండా కట్టుకునే గెయిటర్లు, చేతికర్రలు అద్దెకిస్తారు. జన్మకోసారి వాడేదానికి అద్దె చాలదూ?

మిషను మీద చిన్న పనులు

కొన్నవాటిని అలాగే వాడెయ్యకుండా ఒక సాయంత్రం మిషను ముందు కూర్చున్నాను. ట్రాక్‌ప్యాంటు జేబులకి జిప్పు వేశాను, కూర్చుంటే డబ్బు జారిపోకుండా. తొడల మధ్య నలుచదరం ముక్క ఒకటి కలిపాను, పెద్ద అడుగు వేసినా కుట్టు పట్టదు. ప్యాంటు లోపల వేసుకోవడానికి పొడవాటి లైక్రా నిక్కర్లు. తొడలు ఒరుసుకుని ఎర్రబడి నడవలేకపోయేవాళ్లు ఎంతోమంది ఉంటారు గానీ బయటికి చెప్పరు. లోదుస్తుల్లో మాత్రం పొడిగా ఉన్నంతసేపూ నూలువే సుఖం, కాకపోతే రెండు జతలు ఎక్కువ పెట్టుకోవాలి. పైన వేసుకునేది మోకాళ్లదాకా కుర్తీ అయితే ఇంకో ఉపయోగం. మరుగుదొడ్డి లేనిచోట పొదచాటుకి వెళ్లాల్సొస్తే ఆ పొడుగే మనకి తెర. ఈ సంగతి ఏ కంపెనీ కేటలాగులోనూ రాయరు, మగవాళ్లు రాసేవి కదా!

చివరికి లెక్క ఇలా తేలింది. టీషర్టులు 360, ట్రాక్‌ప్యాంట్లు రెండు 700, థర్మల్స్ రెండు జతలు 1,000, ఫ్లీస్ 600, సాక్సులు 500, టోపీ గ్లౌజులు 400, రెయిన్‌కోటు 900. వెరసి 4,460. బూట్లకి 3,000. అక్కడ అద్దెలకి 1,800. మొత్తం 9,260 రూపాయలు. మావారు ఆ కాగితం తీసుకుని కొట్లో కాలిక్యులేటర్ మీద రెండుసార్లు కూడారు. "ఇందులో బూట్లు కాలేజీకీ వేసుకుంటుందిగా?" అన్నారు. వేసుకుంటుందన్నాను. మర్నాడు రైలు టికెట్లు తీశారు.

పిల్ల వెళ్లొచ్చి చెప్పిన కబుర్లలో నాకు గుర్తుండిపోయింది ఒకటుంది. వాళ్లతో వచ్చిన ఒకమ్మాయి మంచి కంపెనీ హుడీ వేసుకొచ్చింది, చాలా ఖరీదైనది, పూర్తిగా నూలు. ఎక్కేటప్పుడు చెమటకి తడిసింది. రాత్రి టెంటు బయట ఆరేస్తే తెల్లారేసరికి అట్టలా గడ్డకట్టి ఉందట. ఆ పిల్లకి వణుకు ఆగకపోతే మావాళ్ల తాతయ్య స్వెటరు తొడిగి, వేడి వేడి టీ తాగించి కూర్చోబెట్టారట. మావాళ్ల రెయిన్‌కోటు జిప్పు కూడా మూడోరోజు పట్టేసిందనుకోండి. అరడజను పిన్నీసులు పెట్టి పంపాను కాబట్టి గడిచింది. చవకబట్ట కొంటే పిన్నీసులు, సూదీదారం సంచిలో తప్పనిసరి.

వచ్చాక ఉతకడంలో ఒక జాగ్రత్త. పాలిస్టర్ టీషర్టులకి బట్టలు మెత్తబడే కండిషనర్ నీళ్లు పెట్టకండి. పోగుకి జిడ్డులా పట్టి చెమట లాగే గుణం తగ్గిపోతుంది. వాటికి వాసన త్వరగా పడుతుంది కాబట్టి ఉతికే ముందు అరగంట నీళ్లలో కాస్త వెనిగర్ కలిపి నానబెడితే సరి. రెయిన్‌కోటుని ఇస్త్రీ చెయ్యకూడదు, మడత పెట్టకుండా హ్యాంగరుకి వేలాడదీయాలి. ఫ్లీస్ సంగతి మాత్రం నన్నడక్కండి, అది ఇప్పుడు మా ఇంట్లో లేదు. జగ్గయ్యపేటలో మా చెల్లెలి కూతురు లంబసింగి వెళ్తూ పట్టుకుపోయింది.